ఉప్పునీళ్లలో ఒకే జాతి

శ్రీ సిటీలో ఎక్కడ నిలబడినా సముద్రం కనిపించదు. హైవే దాటి తడ మీదుగా తూర్పుకు పోతే మాత్రం కాసేపటికే పులికాటు నీళ్లు మొదలవుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు ఆ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. జనవరిలో ఆ రోడ్డు మీద బండి ఆపితే రెండు పక్కలా నీళ్లు, బారులు తీరిన ఫ్లెమింగోలు. మే నెలలో అదే చోట ఆపితే పగుళ్లిచ్చిన బురద, దాని మీద తెల్లగా పేరుకున్న ఉప్పు. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి వరదలు వచ్చి పడ్డప్పుడు చాలా చోట్ల సరస్సులోవి దాదాపు మంచినీళ్లు. ఎండలు ముదిరాక ఉత్తరం వైపు సముద్రాన్ని మించిన ఉప్పు. ఈ ఎగుడుదిగుళ్లలోనే పుట్టి పెరిగే చేపలు కొన్ని. పగడపు దిబ్బల చేపలది వేరే బతుకు. వాటికి ఏడాది పొడుగునా ఉప్పు లీటరుకు 35 గ్రాముల చుట్టుపక్కలే, వేడిలో తేడా కూడా తక్కువే. ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకుంటామని ఎవరు అడిగినా నేను ముందుగా ఈ రెండు రకాల చేపల గురించే చెబుతాను. తక్కినవన్నీ ఆ తర్వాతి సంగతులు.

అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్లు, ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు, తడలోనో సూళ్లూరుపేటలోనో ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్త దంపతులు. ఆదివారం చెన్నై వెళ్లి కొళత్తూరు చేపల దుకాణాలు చూసొస్తారు. నీలం, పసుపు, నారింజ రంగుల చేపలు నాలుగైదు రకాలు సంచుల్లో కట్టించుకుని వస్తారు. రెండడుగుల తొట్టిలో వదులుతారు. సంక్రాంతికి పెట్టిన తొట్టి ఉగాది దాకా కళకళలాడుతుంది. మే నెలలో ఒక్కొక్కటే పోతాయి. రోగం వచ్చిందనుకుంటారు. చాలాసార్లు అది రోగం కాదు. తలా ఒక రకం నీళ్లు, తలా ఒక రకం తిండి కావాల్సిన చేపల్ని వంద లీటర్లలో కుక్కి, ఆ వంద లీటర్లను ఎండకు వదిలేసిన ఫలితం. అందుకే చిన్న తొట్టికి ఒకే జాతిని పెట్టమని గట్టిగా చెబుతాను. అదీ అద్దాలు కొనకముందే ఏ జాతో తేల్చుకుని.

సముద్రపు నీటిని ఇంటి లోపల బతికించాలన్న కోరిక పాతదే. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్లేయురాలు టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌కు తెచ్చుకుంది. నీళ్లకు గాలి తగలాలని పనమ్మాయి చేత రోజూ కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఆ నీళ్లను పోయించేది. ఇవాళ మన ఎయిర్ పంపు చేసే పని ఆ అమ్మాయి చేతులు చేశాయి. మరుసటి ఏడు సముద్రపు మొక్కల్ని నీళ్లలో పెట్టాక ఆ శ్రమ తగ్గింది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట జనం నోట పడింది. మన వైపు చూస్తే, మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ఆలోచన ఫలించి 1909లో మెరీనా తీరాన సముద్ర అక్వేరియం తెరిచారు. అప్పటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. ఇలాంటివన్నీ సముద్రం గుమ్మంలోనే కట్టినవి. తీరానికి దూరంగా, మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్ల లెక్క వేరు.

మొదటి చిక్కు నీళ్ల దగ్గరే. సముద్రం దగ్గరే కదా, డబ్బాలతో తెచ్చుకుంటే పోలా అంటారు. పోదు. దక్షిణాన ఎన్నూరు వైపు తీరానికి పరిశ్రమల బరువు ఎక్కువ. 2017 జనవరిలో అక్కడి రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికింది. 2023 డిసెంబరు వరదల్లో ఎన్నూరు పాయలో మళ్లీ నూనె తేలింది. శ్రీహరికోట తీరం అంతరిక్ష కేంద్రం కట్టడిలో ఉంది. ఉత్తరాన వాకాడు వైపు నీళ్లు మెరుగే గానీ, వానాకాలంలో ఏరుల నీళ్లు కలిసి ఒడ్డున ఉప్పు పడిపోతుంది. నెల్లూరు తీరంలోని రొయ్య హేచరీలు సైతం సముద్రపు నీటిని ఉన్నపళంగా వాడవు. వడగట్టి, క్లోరిన్ పట్టించి, ఆ క్లోరిన్ పోయాకే ట్యాంకుల్లోకి ఎక్కిస్తాయి. ఆ కష్టం ఇంట్లో పడలేం. అక్వేరియం ఉప్పు కొనుక్కుని ఆర్వో నీళ్లలో కలుపుకోవడమే దారి.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న, దుకాణంలో దొరికే రాళ్లుప్పు కలిపితే చాలదా అని. చాలదు. ఉప్పుమళ్లలో నీరు ఎండేటప్పుడు మనం తినే ఉప్పు గడ్డకట్టి కిందికి దిగుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు పైన మిగిలిన చేదునీళ్లలోనే ఉండిపోతాయి. రైతు ఆ నీళ్లు వదిలేసి ఉప్పు గీసుకుంటాడు. కాబట్టి రాళ్లుప్పును తిరిగి నీళ్లలో కలిపితే పాత సముద్రం రాదు. లీటరు సముద్రపు నీళ్లలో మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాముల దాకా, కాల్షియం 400 పైచిలుకు ఉంటాయి. వాటితోపాటు నీటి పీహెచ్‌ను 8.2 దగ్గర నిలబెట్టే ఆల్కలినిటీ కూడా కావాలి. వనామి రొయ్యల రైతుకు ఇవన్నీ కొత్త మాటలు కావు. చెరువులో మినరల్స్ ఎందుకు చల్లాలో తెలిసినవాడికి అక్వేరియం ఉప్పు ఎందుకు ఖరీదో చెప్పనక్కర్లేదు.

కలిపే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడి బోరు నీళ్లు చాలాచోట్ల బరువు. పొలాల పక్క బోర్లలో నైట్రేటు కూడా ఉండొచ్చు. ఆర్వో నీళ్లను కూడా టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోవాలి. ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్లు, అందులో చిన్న పంపు, ఆ తర్వాతే ఉప్పు, కొద్దికొద్దిగా. ఉప్పు ముందు పోసి దాని మీద నీళ్లు వంపితే, చిక్కటి ద్రావణంలో కాల్షియం సున్నంలా విరిగి తెల్లగా తేలుతుంది. అది మళ్లీ కరగదు. వంద లీటర్లకు మూడున్నర కిలోల పైచిలుకు పడుతుంది. ఒక రోజంతా పంపు తిరగనిచ్చి, రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత వేసి, వెలుతురు వైపు ఎత్తి చూడాలి. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత 35 మీద నిలవాలి. నెల్లూరు జిల్లాలో ఏ ఆక్వా షాపులో అడిగినా సెలినిటీ మీటరని ఇదే తీసిస్తారు.

ఒక హెచ్చరిక. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు శుభ్రమైనవే కదా అని కొందరు వాడుతున్నారు. ఏసీ లోపలి రాగి గొట్టాల చుట్ల మీద పేరుకుని దిగిన నీళ్లవి. రాగి లేశమంత కలిసినా అక్వేరియం రొయ్యలు, నత్తలు బతకవు.

నీళ్లు సిద్ధమైనా చేపను వదలకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడాలి. నాలుగు నుంచి ఆరు వారాలు. ఖాళీ తొట్టిలో చిన్న పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనివ్వడం పాత ఉపాయం, ఇప్పటికీ మంచిదే. పరీక్ష కిట్టుతో చూస్తుంటే ముందు అమ్మోనియా లేస్తుంది, అది పడిపోతుండగా నైట్రైటు లేస్తుంది, చివరికి రెండూ సున్నాకు దిగుతాయి. మంచినీటి తొట్టిలో ఈ ఓపిక పట్టకపోయినా చేప ఒక్కోసారి తట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో కుదరదు. పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పటికంటే 8.2 దగ్గర అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు పది రెట్లకు పైగా పెరుగుతుంది. పైగా అంతే వేడిలో ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి.

వడపోత గురించి వాదాలు చాలా ఉన్నాయి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోంచి తీసిన బతికున్న రాళ్లు, గాలి బుడగలు తప్ప మరేమీ లేకుండా తొట్టిని నడపవచ్చని చూపించాడు. ప్రపంచమంతా ఆ దారే పట్టింది. మన దేశంలో దాన్ని యథాతథంగా పాటించడానికి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులోకి 2001లో రాతి పగడాలను చేర్చారు. నీటిగుర్రాలను కూడా అప్పుడే చేర్చారు. పగడపు రాయి అమ్మజూపినా, ఎండిన కొమ్మే కదా అన్నా తీసుకోకూడదు. సిరామిక్ గొట్టాలు, రంధ్రాలున్న కృత్రిమ రాళ్లు ఆ బాక్టీరియాకు చక్కగా సరిపోతాయి. ఒక జంట చేపలున్న 120 లీటర్ల తొట్టికి నురగతో మురికి తీసే స్కిమ్మర్ తప్పనిసరి అని నేననుకోను. వారానికి పది, పన్నెండు లీటర్లు మార్చితే చాలు. పగడాలు లేవు గనుక ఖరీదైన లైట్లూ అక్కర్లేదు. డబ్బులు మిగిలితే బ్యాటరీ ఎయిర్ పంపు మీద పెట్టండి. అదెందుకో తర్వాత చెబుతాను. తొట్టి మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉంటే నీళ్లే 130 కిలోల చుట్టూ తూగుతాయి. టీవీ స్టాండు మీద పెట్టేది కాదు.

శ్రీ సిటీలో ఉప్పునీటి తొట్టికి అసలు శత్రువు ఎండ. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు ఏప్రిల్ నుంచే గదిలో నీళ్లు 31, 32 డిగ్రీలకు ఎక్కుతాయి. చిల్లర్ కొంటే దాని ధర ఒక్కటే తొట్టి, ఉప్పు, పంపులు అన్నీ కలిపిన ఖర్చును మించిపోవచ్చు. ఏసీ గది ఉంటే సరే. లేదంటే నీటి మట్టం మీదుగా చిన్న ఫ్యాన్ వీయించాలి. నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీల వేడిని పట్టుకుపోతుంది, మన కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. సముద్రపు గాలి తేమగా ఉన్న రోజుల్లో ఆ లాభం తగ్గుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. రోజుకు రెండు లీటర్లు పోయాయనుకోండి, అయిదు రోజులు పట్టించుకోకపోతే వంద లీటర్లు తొంభై అవుతాయి, 35 ఉండాల్సిన ఉప్పు 39 దగ్గరికి చేరుతుంది. మే నెల పులికాటు మన హాల్లోకి వచ్చినట్టే. తగ్గిన మేరకు రోజూ పొద్దున ఉప్పు లేని ఆర్వో నీళ్లు పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే నష్టం రెట్టింపు. అద్దం మీద నల్ల టేపుతో ఒక గీత పెట్టుకుంటే లెక్క తప్పదు. నా తొట్టికి ఆ గీత ఎనిమిదేళ్లుగా ఉంది. ఊరికి వెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకు చెప్పేది కూడా ఒక్కటే: మేత వేయకపోయినా పర్లేదు, గీత దాకా నీళ్లు పోయండి.

ఇక జాతి. ఏసీ లేని ఇల్లు, మొదటి తొట్టి అయితే నా ఓటు ఆరెంజ్ క్రోమైడ్‌కే. దక్షిణ భారతం, శ్రీలంక తీరాల ఉప్పుకయ్యల్లో, ఏటి మూతుల్లో ఉండే చేప. మూడంగుళాలు దాటేది అరుదు, పసుపు ఒంటి మీద నారింజ చుక్కలు. లీటరుకు పది గ్రాముల ఉప్పు చాలు, అంటే సముద్రంలో మూడో వంతు కంటే తక్కువ, ఉప్పు ఖర్చూ అంతే తగ్గుతుంది. ఉప్పు అటూ ఇటూ అయినా, నీళ్లు కాస్త వేడెక్కినా ఓర్చుకుంటుంది. అందంలో పగడపు చేపలకు తీసిపోతుందంటారు గానీ, జత కట్టాక చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక తల్లిదండ్రుల ఒంటిని తాకుతూ ఆ జిగురు పొరను కొరుక్కు తింటాయి. పాలు తాగుతున్నట్టే ఉంటుంది. ఎదురుగా కూర్చుని గంటసేపు చూసినా విసుగు రాదు. వీటిని పులికాటులో పట్టి తెచ్చుకోవాలని చూడకండి. అది పక్షుల అభయారణ్యం, అక్కడి నీళ్లు మత్స్యకారుల జీవనాధారం. తొట్టెల్లో పొదిగిన పిల్లలు బయట దొరుకుతాయి, అవే తేలికగా కుదురుకుంటాయి. ఉప్పుకయ్య చేపల పెంపకానికి చెన్నైలో 1987 నుంచి సీబా అనే కేంద్ర పరిశోధనా సంస్థ ఉంది. పెరల్ స్పాట్ వంటి చేపల పిల్లల్ని తీయడంలో దానికి అనుభవం ఉంది. మన ఇళ్ల తొట్టెలకు ఆ దారిలోనే ఇంకా జాతులు రావాలని నా ఆశ.

నిండు సముద్రమే కావాలంటే క్లౌన్ చేపల జంట. ఒక్క జంటే. రెండు చిన్న పిల్లల్ని తెస్తే వాటిలో పెద్దది ఆడది అవుతుంది, రెండోది మగగా ఉండిపోతుంది. పుట్టుకతో అన్నీ మగవైపు మొగ్గినవే. ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుంది. దీనికి సముద్రపు పువ్వు, అంటే ఎనిమోన్, తప్పనిసరి కాదు. మట్టి కుండ పెంకు ఒకటి వాల్చి పెడితే దాన్నే ఇల్లు చేసుకుంటుంది. ఎనిమోన్‌కు గట్టి వెలుతురు, బాగా కుదురుకున్న తొట్టి కావాలి. కొత్తవాళ్ల దగ్గర అది కుళ్లి తొట్టినంతా చంపుతుంది. కొనేటప్పుడు హేచరీలో పొదిగిన పిల్లనే అడగాలి. కడలిలో పట్టే చేపలకు సైనైడు చల్లే అలవాటు 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలై చాలా దిబ్బల్ని పాడు చేసింది. క్లౌన్ చేపను పొదిగించడం అమెరికాలో మార్టిన్ మో 1970లలోనే వ్యాపారంగా నడిపించాడు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ మండపం, విళింజం కేంద్రాల్లో దాన్ని సాధించింది. ఇప్పుడు సముద్రంలో పట్టాల్సిన అవసరం లేదు. ఒకసారి తెచ్చుకుంటే పదిహేనేళ్లు బతకగల ప్రాణి. ఉద్యోగం మారి పుణేకో హైదరాబాదుకో పోయేవాళ్లు ఆ సంగతి కూడా ఆలోచించుకోవాలి.

నీటిగుర్రం వద్దు, చట్టమే ఒప్పదు. బటర్‌ఫ్లై చేపల్లో చాలావాటికి పగడాలే తిండి, అవి ఆకలితో మాడిపోతాయి. టాంగ్ చేపలు ఈదడానికి మనకున్న హాలంత తొట్టి కావాలి. డాంసెల్ చేప చవక, గట్టిది కూడా, కానీ పక్కదాన్ని బతకనివ్వదు. దాన్ని ఒంటరిగా పెంచుకునే ఓపిక ఉంటే సరే.

మేత విషయంలో ఈ ప్రాంతంవాళ్లు అదృష్టవంతులు. హేచరీల పుణ్యమా అని ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్ల డబ్బాలు సులువుగా దొరుకుతాయి. లీటరు సోడా సీసాలో ఉప్పునీళ్లు పోసి, చిటికెడు గుడ్లు వేసి, గాలి గొట్టం పెడితే ఒక రోజుకు నారింజ రంగు మబ్బులా పిల్లలు లేస్తాయి. గాలి ఆపి, కింద ఒక పక్క టార్చి పెట్టండి. పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుతురు దగ్గర గుమిగూడుతాయి. సన్నటి గొట్టంతో లాగి, గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయాలి. ఆ పూట చేపల హుషారు చూడాలి. మిగతా రోజుల్లో గుళికలు, సన్నగా తరిగిన పచ్చి రొయ్య. రోజుకు రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినేసేంతే. తొట్టిలో అక్వేరియం రొయ్యలు కూడా ఉంటే మాత్రం చెరువు రొయ్య వేయొద్దు. మన రైతుల్ని 1990ల నడుమ కుదేలు చేసిన వైట్ స్పాట్ వైరస్ వాటికీ సోకుతుంది. చేపల మీద కనిపించే తెల్ల చుక్కల జబ్బుకు కూడా అదే పేరు వాడుతున్నారు గానీ అది వేరే, పరాన్నజీవి వల్ల వచ్చేది. కొత్త చేపను నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి చూస్తే అది ఇంట్లోకి రాదు.

దోమల మందు సంగతి కూడా. వానలు మొదలయ్యాక మన ఇళ్లలో కాయిల్సు, ద్రవం మిషన్లు, స్ప్రేలు తప్పవు. వాటిలోని పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు కటిక విషం. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి నెడుతుంది. తొట్టి ఉన్న గదిలో దోమతెరే శరణ్యం.

బ్యాటరీ పంపు మాటకు వస్తే, 2023 డిసెంబరు మొదటి వారం మిచౌంగ్ తుపాను మా వైపు వాన కుమ్మరించినప్పుడు మా ఇంట్లో కరెంటు రెండు రాత్రులు లేదు. అప్పటికి నా క్లౌన్ జంట కుండ పెంకు మీద గుడ్లు పెట్టి ఆరు రోజులు. మొదట నారింజ రంగులో ఉన్న గుడ్లు వెండి రంగుకు తిరిగి, లోపల కళ్లు చుక్కల్లా కనిపిస్తున్నాయి. బ్యాటరీ పంపు ఒక్కటే బుడగలు వదులుతోంది. టార్చి మీద ఎర్ర గుడ్డ కప్పి చూశాను. మగచేప పెంకును అంటిపెట్టుకుని రెక్కలతో నీళ్లు విసురుతూనే ఉంది, పాడైన గుడ్డు కనపడితే నోటితో ఏరేస్తోంది. ఎనిమిదో రాత్రి, దీపాలు లేని ఆ చీకట్లోనే, పిల్లలు విడిపడ్డాయి. కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి. వాటి నోటికి సరిపోయే రొటిఫర్లనే సూక్ష్మజీవులు నా దగ్గర లేవు, మూడు రోజులకు మించి నిలవలేదు. తర్వాతి విడత గుడ్లు పడే లోపల నాచుతో పచ్చబడ్డ నీళ్ల సీసా, రొటిఫర్ల సీసా కిటికీ దగ్గర సిద్ధంగా పెట్టాను. ఆ విడతలో పదకొండు పిల్లలు మిగిలాయి. తొమ్మిదో రోజున వాటిలో ఒకదాని ఒంటి మీద, అరచేతి రేఖంత సన్నగా, మొదటి తెల్ల చార కనిపించింది.